విమానమెక్కని కుడుకలు

మా అన్న ఇల్లు నార్కట్‌పల్లిలో రోడ్డును ఆనుకునే ఉంటుంది. వరండాలోంచి చెయ్యెత్తితే విజయవాడ బస్సు ఆగుతుంది. అలాంటి మనిషి విజయవాడలో నా గృహప్రవేశానికి విమానంలో వస్తానన్నాడు. చౌటుప్పల్ దగ్గరి చెలక భూమి మంచి ధరకు అమ్మిన నాటి నుంచి ఆయన కాళ్లు నేల మీద ఆగడం లేదు.

"శంషాబాద్ నీకు ఎన్కకాయె. ఎన్కకు పోయి ముందటికి వచ్చుడేందే అన్నా?" అన్నాను ఫోన్లో.

"నీకు ఎర్క లేదు చెల్లె. గాలిల దూరం తక్కువుంటది. ఎక్కినమంటే గంటల దిగుతం."

ఆ గంట మాట ఊళ్లో వినని వాళ్లు లేరు. ఇంటి నుంచి శంషాబాద్ దాకా కారు, అక్కడి లైన్లు, గన్నవరంలో దిగి మళ్లీ ఊళ్లోకి రావడం, ఇవేవీ ఆయన లెక్కలోకి రావు. నేల మీద పోయేదంతా ఉత్తదే.

నా ఆరాటమంతా ఒడిబియ్యం గురించి. మా వైపు ఆడబిడ్డ కొత్తింట్లో అడుగుపెడితే, పుట్టింటివాళ్లు వచ్చి ఒడిలో బియ్యం, పసుపు, కుడుకలు పోయాలి. కుడుకలంటే ఎండుకొబ్బరి చిప్పలే, కానీ అవి లేనిదే ఆ తంతు లేదు. అమ్మ పోయాక ఇదే మొదటిసారి. మా అత్తగారిది కృష్ణా జిల్లా. "మీవాళ్లు ఏదో పోస్తారటగా, చూద్దాం" అంటూ చుట్టాలందర్నీ ఆపి కూర్చోబెట్టింది.

పాలు పొంగాయి, వ్రతమైంది, పంతులు భోంచేసి వెళ్లిపోయాడు. నార్కట్‌పల్లిలో బస్సెక్కి వచ్చిన మా చిన్నమ్మ ఒక కునుకు కూడా తీసి లేచింది. అప్పుడు దిగారు అన్నా వదినా. వదిన సంచి విప్పితే బియ్యం ఉన్నాయి, పసుపు ఉంది, కుడుకలు లేవు.

"ఇమానంల ఎక్కియ్యరంట. నూనె ఉంటది, అంటుకుంటదంట. సంచి ఇప్పిచ్చి తీసేయించిన్రు" అంది వదిన. "బస్సుల పోదమంటె ఇన్నడా?"

మా ఆయన సందు చివరి కొట్టుకు పరుగెత్తి, నల్ల ప్లాస్టిక్ కవర్లో కుడుకలు తెచ్చాడు. వదిన తలొంచుకుని వాటినే పోసింది. "పోన్లే, మావాడు తెచ్చినవేగా" అని అత్తగారు నవ్వింది. నాకు ఒళ్లు మండిపోయింది. అన్న మాత్రం ఆవిడ చుట్టాలకు ఫోన్లో మబ్బుల ఫోటోలు చూపిస్తున్నాడు.

సాయంత్రం తిరుగు విమానానికి ఆయన లేచాడు కానీ వదిన లేవలేదు.

"నేను చిన్నమ్మతోని బస్సుల వస్త. నువ్వు గాలిల పో" అంది.

గేటు దాకా వెళ్లాను. "ఫికర్ చెయ్యకు చెల్లె, అమ్మ లేదనుకోకు. పిలిస్తే గంటల వస్త" అన్నాడు అన్న.

ఇక ఆగలేకపోయాను. "అమ్మయితే బస్సుల సీటు దొరక్కున్నా నిలవడి వచ్చేదే. కుడుకలు మాత్రం తెచ్చేది."

అన్న రోడ్డు వైపు చూసి, చేతి గడియారం చూసుకున్నాడు.

"ఫ్లైటుకు టైమైతాంది" అన్నాడు.