వెనక్కి తీసుకున్న సాక్ష్యం

మేముండే గల్ఫ్ నగరంలోని అల్ తుమామా పేట నుంచి ఆ ఫోను వచ్చినప్పుడు నేను, ఇక్కడ సెలవు రోజైన శుక్రవారం ఆరాధనకు పాటలు ఎంచుతున్నాను. ప్రకాశరావు అన్నయ్య ప్రభువు సన్నిధికి వెళ్ళిపోయారని విన్నాక కూడా, మొదటి పాట ఏ శ్రుతిలో ఎత్తాలో అడగడానికి నా వేలు ఆయన నంబరు మీదికే వెళ్ళింది.

ఆయనది అమలాపురం దగ్గరి ఊరు, ఇక్కడి కంపెనీలో నక్షలు గీసే డ్రాఫ్ట్స్‌మన్ ఉద్యోగం. మా సంఘంలో పాట ఎత్తే గొంతు ఆయనదే. పొగిడితే, "గొంతు దేవుడిచ్చాడు, దగ్గు నేను తెచ్చుకున్నానండి" అని నవ్వేవారు.

ఆ దగ్గు సిగరెట్లది. ఒక శుక్రవారం దేవుడు తనకు చేసిన మేలని మైకులో సాక్ష్యమిచ్చారు: "ఘాటు సిగరెట్టు విడిచిపెట్టాను. ఇప్పుడు పుదీనా చల్లదనముండే మెంథాల్‌దే. గొంతుకు హాయిగా ఉంది, దేవునికి స్తోత్రం." అందరం చప్పట్లు కొట్టాం. దగ్గు బిళ్ళలో వేసేదే కదా, మేలే చేస్తుందనుకున్నాం.

కార్మికుల క్యాంపు నుంచి మావాళ్ళను బస్సులో తెచ్చే సాయిలుది నిజామాబాద్ వైపు పల్లె. ఆరాధన అయ్యేదాకా లోపల వెనక వరుసలో కూర్చునేవాడు. కొన్నాళ్ళకు అన్నయ్యకు ఆకుపచ్చ మెంథాల్ సిగరెట్ పెట్టె తీసి చూపించాడు. "మీరు చెప్పినంకనే ఇది పట్టిన అన్నా. మస్తు సల్లగుంది. మునుపటికంటె ఎక్కువనే తాగుతున్న."

అన్నయ్య ముఖం పాలిపోయింది. సరిగ్గా ఆ వారమే డాక్టరు ఆయనకు విడమరచి చెప్పి ఉన్నాడు: మెంథాల్ మంటను తెలియనివ్వదు, అంతే. లోపలికి పోయే పొగ అదే, ఊపిరితిత్తులకూ గుండెకూ చేసే హాని అదే. పైగా ఆ చల్లదనం వల్ల మానడం మరింత కష్టం.

తర్వాతి శుక్రవారం ఆయన పాట ఎత్తకుండా ముందుకొచ్చి నిలబడ్డారు. సంగతి తెలిసిన సంఘ పెద్దల్లో ఒకరు ఆయన చెవిలో, "సాక్ష్యం వెనక్కి తీసుకోవడమేంటి బ్రదర్? ఆ సాయిలుకి విడిగా చెబితే సరిపోదా?" అన్నారు.

"తప్పు మైకులో చెప్పానండి. దిద్దుబాటు చెవిలో చెప్పమంటారా?"

మైకు అందుకున్నారు. "నేను పొగ మానలేదు, పొగకు పుదీనా పూశాను. నా మాట నమ్మి ఒక తమ్ముడు తాగుతున్నాడు. నాకోసం కాదు, అతనికోసం ప్రార్థించండి."

ఆ రోజుతో ఆయన మానేశారు. ఊపిరితిత్తులు మాత్రం అప్పటికే పాడయ్యాయి. పాట సగంలో ఆగిపోతున్నా, ప్రతి శుక్రవారం బస్సు దాకా నడిచి వెళ్ళేవారు.

"ఏం సాయిలూ, ఈ వారం ఎన్ని?"

"మీకంటె ఎక్కువనే అన్నా!"

"నాది సున్నా. నాతో పోటీ అంటే అక్కడికి రావాలి మరి."

సంస్మరణ కూడిక రోజు సాయిలు లోపలికి రాలేదు. బస్సు మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు.

"ఈ వారం సున్నా అన్నా. చెప్దామని వచ్చిన. అడిగెటోడే పోయిండు."

పాట ఎత్తేవాళ్ళు రేపు మరొకరు దొరకవచ్చు. బస్సు దాకా నడిచి ఆ ప్రశ్న అడిగే మనిషి మాకు దొరకడు. అన్నయ్యా, ఇది సాయిలు సాక్ష్యం. మీ చెవిన వేయమని దేవుణ్ణి అడుగుతున్నాను.