తాళం వేసిన పెట్టెలో ఆట

దెయ్యాలు, గాలి సోకడాలు అంటే నేను నవ్వే మనిషిని. మా నాన్నది డోన్‌లో ఇనుప సామాన్ల కొట్టు. కంటితో చూసిందే నిజం అనే ఇల్లు మాది. ఇప్పటికీ నాకు అలాంటి నమ్మకాలు లేవు. పైగా ఇది చెప్పాలంటే నేను చేసిన దొంగతనం కూడా చెప్పుకోవాలి. అందుకే ఇన్నేళ్ళూ బయట ఎవరికీ చెప్పలేదు.

రెండు వేల నాలుగు ప్రాంతం. నాకు పదమూడేళ్ళు. మా పెద్దమ్మ కూతురు లలితక్క నాకంటే ఆరు నెలలే పెద్ద. వాళ్ళది నందికొట్కూరు. చదువు, పాట, చివరికి జడ పొడవులో కూడా ఆమే ముందు. మేమిద్దరం పక్కపక్కన నిలబడితే చుట్టాలు ఆమెనే పలకరించేవాళ్ళు.

ఆ వేసవిలో మా మామ కువైట్ నుంచి వచ్చాడు. నాకు సెంటు సీసా తెచ్చాడు. లలితక్కకు, క్లాసులో ఫస్టు వచ్చిందని, చేత్తో పట్టుకుని ఆడే వీడియో గేమ్ తెచ్చాడు. బూడిద రంగుది. దాని మీది అక్షరాలు ఇంగ్లీషూ కాదు, అరబ్బీ కూడా కాదన్నాడు మామ. అలాంటిది ఆ తర్వాత నేను ఎక్కడా చూడలేదు.

అందులో ఉన్నది ఒకటే ఆట. ఒక పిట్ట గింజలు ఏరుకోవాలి, పైనుంచి పడే రాళ్ళను తప్పించుకోవాలి. ఆట అయ్యాక మన అంకె పక్కన ఒక గుర్తు పెట్టుకోవచ్చు. లలితక్కది పువ్వు, నాది చేప. పై వరసలో ఎప్పుడూ పువ్వే. 4,310.

సెలవులకు వాళ్ళింటికి వెళ్ళిన వారం రోజులూ అడిగినప్పుడల్లా ఆమె నాకు ఇచ్చింది. దానికే నాకు ఇంకా మండేది. బయలుదేరే రోజు దాన్ని నా బట్టల మధ్య పెట్టుకుని డోన్ వచ్చేశాను.

మా ఇంట్లో నా బట్టలకు ఒక ఇనప్పెట్టె ఉండేది. గేమ్ అందులో పెట్టి తాళం వేశాను. తాళంచెవి నా మెడలో గొలుసుకు. మధ్యాహ్నం అమ్మ కునుకు తీసినప్పుడు తీసి ఆడేదాన్ని. ఎంత ఆడినా 2,900 దాటలేదు.

వారం తర్వాత ఒక మధ్యాహ్నం తెరిచి చూస్తే పై వరసలో 4,680 ఉంది. పక్కన పువ్వు.

భయపడ్డానని చెబితే అబద్ధం. కడుపు రగిలిపోయింది. ఇక్కడ లేకుండా కూడా నన్ను ఓడిస్తోందే అనుకున్నాను, అంతే. అది ఎలా జరిగిందన్న ఆలోచన చాలాసేపటికి గానీ రాలేదు. అప్పుడు బ్యాటరీలు రెండూ పీకి, రుమాలులో మూటగట్టి, ఆ రోజంతా నా దగ్గరే ఉంచుకున్నాను.

మరుసటి మధ్యాహ్నం పెట్టె తెరిచి, బ్యాటరీలు వేసి చూశాను. 5,140. పువ్వు.

ఆ సాయంత్రం పెద్దమ్మ ఫోన్ చేసింది. లలితక్కకు నాలుగు రోజులుగా టైఫాయిడ్, కర్నూలులో ఆసుపత్రిలో చేర్చారని. పొద్దున్నే అమ్మా నేనూ బస్సెక్కాం. గేమ్ నా సంచిలో ఉంది. తిరిగి ఇవ్వాలనో, దగ్గర లేకపోతే ఏమవుతుందోననో, నాకే తెలియదు.

వార్డులో లలితక్క కళ్ళు మూసుకుని పడుకుని ఉంది. ముఖం పీక్కుపోయింది. దుప్పటి మీద రెండు బొటనవేళ్ళూ మాత్రం ఆగకుండా కదులుతున్నాయి.

"జరం వచ్చినప్పటి నుంచి ఇట్లే ఆడిస్తాండాది మే" అంది పెద్దమ్మ అమ్మతో. "నిద్దర్లో ఏందో లెక్కలు చెప్తాండాది. అర్థమే కాలే."

అమ్మను తీసుకుని ఆమె డాక్టరు దగ్గరికి వెళ్ళింది. లలితక్క కళ్ళు తెరిచి నన్ను చూసింది.

"వచ్చినావా మే? నిన్న అయిదువేల నూటనలభై" అంది. ఊపిరి తీసుకుని, "నీది మూడువేలు గూడా దాటలే" అంది.

ఆ అంకె నేను తప్ప ఎవరూ చూడలేదు. నేను ఎవరికీ చెప్పలేదు. గేమ్ తీసి ఆమె దిండు పక్కన పెట్టి, ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాను. పెద్దమ్మ వచ్చి, అక్క మీద బెంగ అనుకుని నన్ను దగ్గరికి తీసుకుంది. గేమ్ ఆ ఆసుపత్రి మంచం కిందే దొరికిందని చెబితే నమ్మింది కూడా.

రెండు వారాలకు లలితక్క కోలుకుంది. మళ్ళీ ఆడింది, కానీ నాలుగున్నర వేలు దాటలేకపోయింది. పై వరసలోని 5,140 చూసి, "ఇది ఎవురు ఆడినారు మే, పువ్వు పెట్టి?" అని నన్నే అడిగింది.

ఇప్పుడు ఆమె కడపలో టీచరు. పోయిన ఏడాది వాళ్ళింట్లో భోంచేస్తూ, ధైర్యం చేసి దొంగతనం ఒప్పుకున్నాను. ఆమె నవ్వింది.

"నువ్వు ఎత్తుకపోయినావని నాకు ఆ పొద్దే తెలుసు. నీ సంచి ఉబ్బి ఉండె."

"మరి ఎందుకు అడగలేదు?"

"నీకు శానా ఇష్టం కదా, కొన్నాళ్ళు ఆడుకోనీలే అనుకున్నా."

వార్డులో చెప్పిన అంకె మాత్రం ఆమెకు గుర్తు లేదు. ఆసుపత్రికి నేను వచ్చినట్టే గుర్తు లేదంది. జ్వరంలో మనుషులు ఏదో ఒకటి పలవరిస్తారు, ఒప్పుకుంటాను. కానీ బ్యాటరీలు నా రుమాలులో ఉండగా ఆ ఆట ఎవరు ఆడారు? పెరుగన్నం కలుపుకుంటూ ఆమె అన్న ఆ "ఆడుకోనీలే" విన్నాక, ఆమె మీద మళ్ళీ అదే మంట లేచింది.