ఊహించినది ఎవరు

మందుల షాపులో ఎనిమిదేళ్లు పనిచేసి వచ్చిందని లైబ్రరీలో అందరూ ఆమెను మందులమ్మాయి అనేవారు. చదువు తొమ్మిదితో ఆగిపోయినా, కోడి కెలికినట్టుండే డాక్టర్ల రాతను ఇట్టే చదివేది. షాపు మూతపడ్డాక, ఆ చూపు కోసమే లైబ్రరీవాళ్లు రెండు నెలలు చూద్దామని తీసుకున్నారు.

పాత ఉత్తరాలను కంప్యూటర్లోకి ఎక్కించడం పని. టైపు కొడితే సరిపోదు. మనిషి పేరు వస్తే అది పేరని చెప్పే గుర్తు, దానికి ముందొక ట్యాగు, వెనకొక ట్యాగు. ఊరికి వేరే ట్యాగు, కొట్టేసిన మాటకు మరొకటి. తెరిచిన ట్యాగు మూయకపోతే తెరంతా ఎర్రగీతలే. సీసాలకు మూత బిగించడం అలవాటైన చేతులకు అది వారంలో పట్టుబడింది.

చిక్కల్లా చెరిగిపోయిన మాటలతోనే. ‘చదవలేకపోయాం’ అనే ట్యాగు పెట్టొచ్చు. లేదంటే ఊహించి రాసి, నమ్మకం ఎంతో, ఊహించినది ఎవరో పక్క గడుల్లో నింపాలి. ఆ ఆఖరి గడి దగ్గర ఆమె వేళ్లు ఆగిపోయేవి. అనుమానముంటే మందు ఇవ్వకూడదు, డాక్టరుకు ఫోన్ చెయ్యాలి. ఆమె నేర్చుకున్నది అదే. ఈ ఉత్తరాలు రాసినావిడ పోయి అరవై ఏళ్లయింది.

పక్క బల్ల దగ్గర స్కానింగ్ చేసే అన్న నవ్వేవాడు. “స్టాకు లేదన్నంత సులువుగా చదవలేకపోయాం అంటున్నావే, మందులమ్మా.”

రెండు నెలల గడువు ఇంకో వారం ఉందనగా, ఈ పని చూసే మేడం ఆమె పేజీలు ముందేసుకున్నారు.

“ముప్పై ఉత్తరాల్లో నూటపది చోట్ల చదవలేకపోయాం. ఇలా అయితే నిన్ను ఉంచమని పైవాళ్లకు ఏం చెప్పనమ్మా?”

“తప్పు రాస్తే ఎలా మేడం?”

“తప్పయితే తర్వాతివాళ్లు దిద్దుతారు. ఎవరు ఊహించారో తెలియాలనే ఆ గడి.”

“అంటే నన్నే తిడతారుగా.”

“తిట్టనీ. నన్ను ఇరవై ఏళ్లుగా తిడుతున్నారు, లావయ్యానే గానీ తగ్గలేదు.”

ఆమె తల వంచుకుని నవ్వింది. సీటుకు వచ్చి మొదటి ఉత్తరం మళ్లీ తెరిచింది. ఆవిడ భర్తకు రాసింది. పిల్లాడికి జ్వరం తగ్గిందట, ఇప్పుడు ఏదో ‘గా’ ఉన్నాడట. ఆ ఏదో మీద నీటి మరక పడింది. మొదట ‘కు’ ఉంది. చివర గీత పైకి లేచింది. ఆ చెయ్యి ఎక్కడెక్కడ లేస్తుందో ఆమెకు నెలన్నరగా తెలుసు. ‘కులాసా’ అని కొట్టింది. నమ్మకం: తక్కువ. కాసేపాగి ‘మధ్యస్థం’ అని మార్చింది. ఊహించినది ఎవరు? తన పేరులోని రెండక్షరాలు పెట్టి, ఎవరైనా చూస్తున్నారేమోనని వెనక్కి తిరిగింది. సాయంత్రానికి అలాంటివి పదకొండు నింపింది.

మర్నాడు మేడం ఆ పేజీ చూసి, “నాకైతే కుదురుగా అనిపిస్తోంది,” అన్నారు.

ఆమె మౌసు అందుకుంది. “తీసేస్తాను మేడం.”

“ఎందుకు తియ్యడం? నీది చెరపకు. దాని కిందే నాది వేస్తా.”

మేడం రాసి, తన అక్షరాలు పెట్టారు. నమ్మకం: తక్కువ. పైన కులాసా, కింద కుదురు, రెండూ తెరమీద అలాగే ఉన్నాయి.

“రెండో కట్ట బీరువాలో ఉంది, సోమవారం తీసుకో,” అంటూ మేడం లేచారు.

“గీత పైకి లేచింది మేడం. కుదురుకు ఈవిడ చెయ్యి అలా లేవదు,” అంది ఆమె.

మేడం మళ్లీ కూర్చుని కళ్లజోడు పెట్టుకున్నారు.