సెమినార్‌లో మా నాన్న

ఈ రోజు వికారాబాద్‌లో మా కాలేజీ గణిత సెమినార్. నాతోపాటు పీహెచ్‌డీ చేస్తున్న శ్రీకాంత్ అన్న మాట్లాడాడు. ఒక సమాకలన ఆపరేటర్‌ను కాలం, పౌనఃపున్యం రెండింటి ప్రకారం చిన్న ముక్కలు చేసి అంచనా వేసే ఉపాయం బోర్డు మీద రాశాడు. మూడో లైనుకే గుర్తుపట్టాను. పోయిన నెల తాండూరు బస్సులో నేను టికెట్టు వెనక రాసి అతనికి చూపించిందే అది!

పంటి బిగువున ఓర్చుకున్నాను. తర్వాత ఉదాహరణ మొదలుపెట్టాడు.

"మా నాయన తాండూర్ల బండలు పాలిష్ చేస్తడు. బండను తట్టి, ఏ మోత ఎంతసేపు నిలిచిందో ఇని, లోపల పగులుందో లేదో చెప్తడు."

అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ బండలు తట్టేది మా నాన్న. ఆ సంగతీ బస్సులో నేనే చెప్పాను. వాళ్ల నాన్నది కందుల వ్యాపారం.

బయటికి రాగానే నిలదీశాను. "మీ నాయన బండలెప్పుడు తట్టిండన్నా?"

"ఉదాహరణే గదా తమ్మీ! గట్ల చెప్తే మస్తుగుంటదని చెప్పిన. ఫికర్ చేయకు."

ఉపాయం పోతే పోయింది, ఇంకోటి ఆలోచించుకుంటాను. నాన్నను ఎలా వెనక్కి అడగాలో మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.