ఏ చక్రంలో గాలి తగ్గింది

మా వీధిలో టైర్ల షాపతన్ని మేమంతా 'ఏంకాదు' అని పిలిచేవాళ్ళం. ఎవరు బండి తెచ్చి ఏ అనుమానం చెప్పినా, చక్రం వైపు ఒకసారి చూసి "ఏం కాదు లెండి" అనడం అతని అలవాటు. నిజం చెప్పాలంటే పదిసార్లలో తొమ్మిదిసార్లు ఏమీ అయ్యేది కాదు. పనిమంతుడు. నాది పక్క షాపు, కార్ల సీట్లకు కవర్లు కుడతాను. పదకొండేళ్ళుగా మా మధ్య ఉన్నది ఒక రేకు గోడే కాబట్టి, అతని సంగతులు వాళ్ళావిడ కంటే నాకే ఎక్కువ తెలుసని గొప్పలు పోయేవాణ్ణి. అది ఉత్త గొప్పేనని తర్వాత తేలింది.

అతనికి ఒక అన్న. టాక్సీ నడిపేవాడు. ఇరవై రెండేళ్ళలో బండి మీద ఒక్క గీత పడనివ్వలేదు. హారన్ కొట్టడానికి కూడా మొహమాటపడతాడని ఆయన్ని ఏడిపించేవాళ్ళం. తమ్ముణ్ణి పనిలో పెట్టి, చేయి తిరిగాక షాపు పెట్టించింది ఆయనే.

ఒక సోమవారం ఉదయం ఆయన కారు తెచ్చాడు. డ్యాష్‌బోర్డు మీద టైరు గుర్తు ఆరకుండా వెలుగుతోంది. ఈ కార్లలో ప్రతి చక్రం లోపలా, గాలి పోసే వాల్వుకు ఆనుకుని, బొటనవేలంత సెన్సర్ ఉంటుంది. గాలి ఎంతుందో అది కారుకు చెబుతుంది. ముందు ఎడమ చక్రంలోది చచ్చిపోయింది. ఏంకాదు టైరు విప్పి, పాతదాని మీద అచ్చయి ఉన్న నంబరునే చేతి మెషీన్‌తో కొత్తదానిలోకి ఎక్కించి బిగించాడు. గుర్తు ఆరిపోయింది.

వెళ్ళబోతూ అన్న, పన్లో పనిగా ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకి మార్చమన్నాడు. మార్చాడు. ముందు ఎడమది వెనక కుడికి వెళ్ళింది. అలా మార్చాక ఏ నంబరు ఎక్కడుందో కారుకు మళ్ళీ నేర్పాలి. మెషీన్ పట్టుకుని నాలుగు చక్రాల చుట్టూ వరసగా తిరగాలి. ఐదు నిమిషాల పని. కానీ మెషీన్‌లో ఛార్జింగ్ అయిపోయింది. అన్నకేమో స్టేషన్ దగ్గర కిరాయి ఉంది. గుర్తు ఎలాగూ ఆరింది.

"ఏం కాదులే అన్నా, రేపు చేస్తా" అన్నాడు. గోడకవతల నుంచి నేనూ విన్నాను. ఆ రేపు రాలేదు.

పన్నెండో రోజున, ఊరి బయట జోరు వానలో, అన్న కారులో మళ్ళీ గుర్తు వెలిగింది. ముందు ఎడమ చక్రంలో గాలి తగ్గిందని చూపించింది. ఆయన తడుస్తూ దిగి, ఆ చక్రానికి మీటరు పెట్టి చూశాడు. గాలి సరిగ్గానే ఉంది. ఫలానా చక్రమని కారే చెబుతుంటే మిగతా మూడూ ఎవరు చూస్తారు? కొత్త సెన్సర్ తిక్క తిక్కగా చేస్తోందనుకుని బయల్దేరాడు. అరగంటకు వెనక కుడి టైరు పేలింది. కారు డివైడర్‌ను గుద్దుకుంది. లోపల ఇంకెవరూ లేరు. ఆయన కాలు రెండుచోట్ల విరిగింది.

ఆస్పత్రిలో మంచం మీద నుంచి ఆయనే తమ్ముడికి ఇదంతా చెప్పాడు. "వెనకది దిగిపోయి ఉంటే నా కంటికి ఆనలేదు చూడరా" అన్నాడు. ఏంకాదుకు ఆ క్షణంలోనే అంతా అర్థమైంది. పక్కన వదిన, గుర్తు వెలిగినా పోనిచ్చారని, కళ్ళెక్కడ పెట్టుకున్నారని మొగుణ్ణి ఏడుస్తూ తిడుతోంది. ఆ తిట్లు తనకు రావలసినవని తెలిసీ అతను సెలైన్ సీసా వైపు చూస్తూ నిలబడ్డాడు.

ఎనిమిది నెలలు అలాగే గడిచాయి. అన్న కారు అమ్మేశాడు. కాలు దెబ్బతింది కదా, పాపం అనుకున్నాం. ఒక పెద్ద దుకాణం పార్కింగులో చీటీలు చింపి ఇచ్చే పనికి కుదిరాడు. ఏంకాదు వారం వారం పళ్ళు పట్టుకుని ఆ ఇంటికి వెళ్ళడం, మాట మింగేసి తిరిగి రావడం. షాపులో "ఏం కాదు" అనడం కూడా మానేశాడు. దాన్ని కూడా మేం వేళాకోళం చేశాం. సిగ్గులేదు మాకు.

మొన్న మధ్యాహ్నం ఎవరో ఒకామె కారుకు సెన్సర్ మార్చి, మెషీన్‌తో చుట్టూ తిరిగాడు. ఒక్కో చక్రం దగ్గర కారు ఒక కూత కూసింది. నాలుగూ అయ్యాక మళ్ళీ మొదటి నుంచి తిరిగాడు. తర్వాత మూడోసారి. ఆమె విసుక్కుంటూ వెళ్ళిపోయాక, వచ్చి నా కుట్టుమిషన్ పక్కన కూలబడి అంతా చెప్పాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. పని తప్పినందుకు కాదు, దాన్ని అన్న నెత్తిన వేసి ఊరుకున్నందుకు. ఆ రోజు విని కూడా మర్నాడు గుర్తు చేయనందుకు నా మీద నాకూ మండింది.

"చెబితే మా అన్న ఇక నా మొహం చూడడు" అన్నాడు. చూడకపోతే మానె, నడు అని షట్టర్ దించి నేనే లాక్కెళ్ళాను.

అన్న అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి యూనిఫాం చొక్కా మడతపెడుతున్నాడు. నడక మామూలుగానే ఉంది. వదిన మంచినీళ్ళిచ్చింది. ఏంకాదు గ్లాసు పట్టుకుని, తాగకుండానే, టైర్లు అటూ ఇటూ మార్చిన దగ్గర్నుంచి మొత్తం చెప్పాడు. వదిన మెల్లగా వచ్చి మొగుడి పక్కన కూర్చుంది.

అన్న మడతపెడుతున్న చొక్కా పక్కన పెట్టాడు.

"అంటే ముందు ఎడమ అని చూపించినప్పుడు, దిగింది వెనక కుడిదన్నమాట."

"అవునన్నా."

"నేను చూసింది సరిగ్గానే చూశాను."

"సరిగ్గానే చూశావు."

ఆయన గొంతులో కోపం లేదు. నాలుగు తగిలించి ఉంటే మాకే తేలిగ్గా ఉండేది.

"కాలు నాలుగు నెలలకే బాగైందిరా" అన్నాడు. "కారు అమ్మింది అందుకు కాదు. ఎదురుగా ఉన్నది కనిపించనివాణ్ణి, రేపు ఎవరి పిల్లల్నో ఎక్కించుకుని చంపేస్తానని భయమేసి అమ్మాను. నువ్వు ఈ సంగతి ఆస్పత్రిలోనే చెప్పుంటే, ఇవాళ్టికీ నడుపుతూ ఉండేవాణ్ణి."