ఒకట్రెండు మాస్టారి మూడో అంకె

డ్రైవింగ్ నేర్పే మా మాస్టారికి కన్నవాళ్ళు పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది. జనానికి మాత్రం ఆయన ఒకట్రెండు మాస్టారు. పాఠం చెప్పేటప్పుడు ఆయన రోడ్డుకన్నా, ముందు గాజుకు అంటించుకున్న చిన్న అద్దంలో శిష్యుల కళ్ళే ఎక్కువ చూస్తారు. చూపు రోడ్డు వదిలిందా, "ఒకటి, రెండు" అంటారు. మూడు అనరు. తన కాళ్ళ దగ్గరున్న రెండో బ్రేకు తొక్కుతారు. ఇరవయ్యారేళ్ళుగా ఇదే బోధన.

మొన్న డ్రైవింగ్ స్కూలు యజమాని కొత్త కారు తెచ్చాడు. మధ్యలో పళ్ళెమంత తెర. పాటలు, దారులు, టైర్లలో గాలి, సమస్తమూ అందులోనే. ఏసీ కాస్త తగ్గించాలన్నా మూడు చోట్ల నొక్కాలి.

"జనం తెర చూసే చేరుతున్నారు మాస్టారూ. మీరూ కాస్త కాలంతో పాటు నడవండి."

"నడిచేవాళ్ళ గురించేనయ్యా నా భయం."

మాస్టారు తెర మీద తువ్వాలు కప్పి పాఠాలు చెప్పసాగారు. తెరల వల్ల మానవజాతికి రానున్న ముప్పు గురించి ఇంట్లో రోజూ ఉపన్యాసం. భార్య కుట్టుమిషను మీంచి తలెత్తకుండా వినేది.

ఆదివారం ఇద్దరూ ఆవిడ అక్కగారింటికి ఆ కారులోనే బయల్దేరారు. తువ్వాలు ఉతుక్కి పోయింది. మాస్టారు స్టీరింగు పట్టారు. ఆవిడ రెండో బ్రేకున్న సీట్లో కూర్చుంది. బజారు మధ్యలో తెర టింగుమంది: మీరు అలసిపోయారు, విశ్రాంతి తీసుకోండి. మాస్టారికి ఒళ్ళు మండింది. ఆర్పబోతే, నిజంగానే ఆర్పమంటారా అని తెర అడిగింది. అవునని నొక్కబోతే వేలు పాటల మీద పడింది.

కారు కీచుమని ఆగింది. మూరెడు దూరంలో, సైకిలు నడిపించుకుంటూ రోడ్డు దాటుతున్న పెద్దాయన. ఆయన వీళ్ళని ఒకసారి చూసి, సైకిలు తోసుకుంటూ వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది.

"నువ్వు తొక్కావా?"

"మూడుకి తొక్కాలనేగా మీరు రోజూ చెప్పేది."

"లెక్కపెట్టావా?"

"ఒకటి, రెండు పైకే అన్నానండీ. మీకు వినపడలేదు."

అక్కగారింట్లో మాస్టారి కాఫీ చల్లారిపోయింది. ఇంకొకరి చూపు లెక్కపెట్టే అర్హత తనకింకా ఉందా అన్నదే ఆయన బెంగ.

"మానేద్దామనుకుంటున్నా," అన్నారు తిరుగు దారిలో.

"మానేస్తే మీ సీట్లో ఇంకొకర్ని కూర్చోబెడతారు. తెర భలేగా ఉందనేవాణ్ణి."

సోమవారం మొదటి పాఠం ఒక నర్సుకి. మలుపు దగ్గర ఆమె చూపు, ఉతికి మళ్ళీ కప్పిన తువ్వాలు అంచున వెలుగు మీదికి పోయింది.

"ఒకటి," అన్నారు మాస్టారు. రెండు అనలేదు. "పక్కకి ఆపమ్మా."

ఆమె బిత్తరపోయి ఆపింది.

"నిన్న దీన్ని చూస్తూ ఒక మనిషిని గుద్దబోయాను."

"మీరా మాస్టారూ?"

"నేనే. మా ఆవిడ పక్కనే కూర్చుని లెక్కపెడుతుంటే వినపడలేదు. నీకిందాక నా మాట వినపడిందా?"

"వినపడిందండీ."

"అయితే నాకన్నా నయమే. పోనియ్యి."