మూతకు కట్టిన రబ్బరు

సిల్తారా ఫ్యాక్టరీల నల్లధూళి లారీల డీజిల్లో పడకూడదని మెకానిక్ భీమారావు పట్టుదల. అందుకే తన షెడ్డు నుంచి వెళ్ళే ప్రతి లారీకీ డీజిల్ ట్యాంకు మూత చుట్టూ పాత ట్యూబు రబ్బరు బిగించి, ముడి వేసి పంపుతాడు. ఆ ముడిని చూసి ఇది భీమారావు చెయ్యి పడ్డ బండి అనుకుంటారు డ్రైవర్లు. స్క్రూడ్రైవర్ కొన ఇంజన్‌కు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని జబ్బు చెప్పేస్తాడు. డ్రైవర్ సునీల్ లారీ దగ్గర మాత్రం ఆ చెవి పనిచేయలేదు. బయల్దేరినప్పుడు బాగానే పరుగెడుతుంది, వేడెక్కాక గునిసి గునిసి ఆగిపోతుంది. ఫిల్టర్లు మార్చినా, పంపు విప్పి బిగించినా అదే వరస. చివరికి భీమారావు తనే సునీల్ పక్కన బండెక్కాడు. అభన్‌పూర్ చేరకముందే మళ్ళీ ఆగింది.

"ఇంకోసారి లోడుతో ఆగితే ఓనరు సేఠ్ నన్ను బండి దింపేస్తాడన్నా," అన్నాడు సునీల్.

"దిమాగ్ తినకు!" భీమారావు పానాను నేలకేసి కొట్టాడు. డీజిల్ అయినా ఉందో లేదోనని రబ్బరు కోసి మూత తిప్పాడు. ట్యాంకు బుస్సుమని గాలి పీల్చుకుంది. సునీల్ తాళం తిప్పగానే ఇంజన్ సాఫీగా అందుకుంది. మూతకున్న గాలి రంధ్రాన్ని మూసేసింది తన రబ్బరే. డీజిల్ తగ్గే కొద్దీ ట్యాంకులోకి గాలి వెళ్ళక, ఇంజన్‌కు డీజిల్ అందడం ఆగిపోతోంది. ఇంజన్ వేడికీ దీనికీ సంబంధమే లేదు.

తిరుగుదారిలో తన ముడి ఉన్న లారీ ఎదురైనప్పుడల్లా, దాని రబ్బరూ కోసేద్దామని, బండి ఆపమంటూ కిటికీలోంచి చెయ్యి ఊపి "రోకో, రోకో" అని అరిచాడు. పలకరింపనుకుని హారన్ కొట్టి వెళ్ళిపోయారు డ్రైవర్లు.